రూపాయికి తోడు

“దొంగ దొరికాడు మేడం. ఇక మీరు ఇంటికెళ్ళి కాఫీ తాగొచ్చు,” అన్నాడు డేవిడ్‌రాజు.

“తాగే వచ్చా,” అంది ఫ్లోరెన్స్. చేతిసంచీలో ఇంటి తాళంచెవి ఉందో లేదో మరోసారి తడిమి చూసుకుని, చిన్న నోటుబుక్కు తీసింది. పేజీ పైన టైము రాసింది. రెండూ పది.

నందిగామలో చంద్రమౌళి పాతనాణేల కొట్టు అది. గాజుబల్లకి అవతల చంద్రమౌళి, ఇవతల రెండు స్టూళ్ళ మీద ఇద్దరు డిటెక్టివ్‌లు. ముగ్గురి మధ్యా నల్లగుడ్డ మీద ఒక వెండి రూపాయి.

ఫ్లోరెన్స్ ముప్పై ఏళ్ళు పోలీసు వేలిముద్రల విభాగంలో పనిచేసి రిటైరైంది. ఇప్పుడు నందిగామలోనే ఒక జిరాక్సు కొట్టు పైగదిలో కూర్చుని, తప్పిపోయిన మనుషుల్నీ పోయిన వస్తువుల్నీ వెతికి పెడుతుంది. డేవిడ్‌రాజు ఒకప్పటి సబ్‌ఇన్‌స్పెక్టరు. విజయవాడలో సొంత ఏజెన్సీ ఉంది, ఇద్దరు అసిస్టెంట్లున్నారు, ఎర్ర కారుంది. ఫ్లోరెన్స్‌ని పిలిపించుకున్నది రూపాయి అమ్మబోయిన మనిషి. డేవిడ్‌రాజుని పెట్టుకున్నది కొనబోయిన మనిషి.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. జగ్గయ్యపేటలో లూర్దమ్మ అనే డెబ్బై రెండేళ్ళ ఆవిడ దగ్గర తండ్రి వదిలిపోయిన 1911 నాటి రూపాయి ఉంది. అదే ఊళ్ళో పాత నాణేలు పోగుచేసే భవానీప్రసాద్‌కి రెండు వారాల కిందట దాని ఫొటో పంపించింది. ఆయన చూసి ఎగిరి గంతేశాడు. ‘ఇది చెయ్యి మారని నాణెం, మొదటి గ్రేడు, నలభై వేలిస్తా, కాకపోతే నందిగామలో చంద్రమౌళి చూసి చీటీ రాయాలి’ అన్నాడు. నిన్న, బుధవారం, ఆవిడ తమ్ముడు నెహెమ్యా రూపాయి పొట్లం జేబులో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. చంద్రమౌళి చూసి చీటీ రాశాడు. చీటీలో ఉన్నది మొదటి గ్రేడు కాదు. అంతకు రెండు మెట్లు కింద. మూడు వేల సరుకు.

దారిలో రూపాయి మారిందన్నాడు భవానీప్రసాద్. దారిలో ఉన్నది నెహెమ్యా ఒక్కడే.

నెహెమ్యా ఎవరితోనూ వాదించలేదు. “రేపు ఐదుంపావు బస్సుకి మైలవరం పోతున్నా అక్కా. ఇక రాను,” అన్నాడంతే. అరవై నాలుగేళ్ళ మనిషి. చిన్నప్పుడే విడిపోయి, యాభై ఏళ్ళు తలో చోటా బతికి, ఆరేళ్ళ కిందటే అక్కాతమ్ముళ్ళు ఒక ఇంట్లో చేరారు. పొద్దున్నే లూర్దమ్మ ఫ్లోరెన్స్‌కి ఫోను చేసింది. “దొంగని పట్టుకోనక్కర్లేదమ్మా. మా తమ్ముడు కాదని తేల్చు. బస్సు వెళ్ళేలోగా తేల్చు. ఈసారి వెళ్తే మళ్ళీ కలిసేంత వయసు మా ఇద్దరికీ లేదు.”

ఆ బస్సుకి ఇంకా మూడు గంటల ఐదు నిమిషాలుంది.

“చంద్రమౌళి గారూ, నాణేల విషయంలో నేను మొద్దుని. గ్రేడంటే ఏంటో చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పండి,” అంది ఫ్లోరెన్స్.

అడిగే మనిషి దొరికినందుకు చంద్రమౌళి మొహం విప్పారింది. “అరుగుదలమ్మా. అంతా అరుగుదలే. టంకశాల నుంచి వచ్చి ఎవరి చేతుల్లోనూ పడకపోతే అన్‌సర్క్యులేటెడ్. చెయ్యి మారని నాణెం అంటాం. ఎత్తుగా ఉండే చోట్లు చూడాలి. రాజుగారి కనుబొమ్మ, చెవి పైన జుట్టు, కిరీటంలో ముత్యాలు. అక్కడ రవంత నునుపు తేలితే ఎక్స్‌ట్రా ఫైన్. నునుపు బాగా తెలిస్తే వెరీ ఫైన్. గీతలన్నీ పోయి బొమ్మ చుట్టుకొలత మిగిలితే ఫైన్. ఆ కిందవి కరిగించుకోడానికే.”

“మనుషులక్కూడా రాస్తారా?”

“నాకు నేను ఫైన్ రాసుకున్నా. మా ఆవిడ అంత కూడా లేదంటుంది.”

డేవిడ్‌రాజు వాచీ చూసుకున్నాడు. ఫ్లోరెన్స్ భూతద్దం కంటికి ఆనించి రూపాయి మీదికి వంగింది. తల వైపు పైకుంది. కనుబొమ్మ వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ముత్యాలు విడివిడిగా ఉన్నాయి.

“ఇదేంటండీ, రాజుగారి బట్టల మీద పంది?”

“ఏనుగమ్మా!” చంద్రమౌళి గాజుబల్ల మీద అరచేత్తో కొట్టాడు. “తొండం పొట్టిగా చెక్కారు. జనం పందనుకుని గొడవ చేస్తే, ఆ రూపాయల్ని వెనక్కి తీసుకుని కరిగించేశారంటారు. మరుసటేడు తొండం సరిచేశారు. అందుకే ఈ ఒక్క ఏడాది రూపాయికి గిరాకీ. తల వైపు ఫొటో ఒక్కటి చాలు, సంవత్సరం చూడక్కర్లా.”

ఫ్లోరెన్స్ కళ్ళు ఎత్తింది. “భవానీప్రసాద్ గారు చూసింది కూడా తల వైపు ఒక్కటేగా?”

“ఒక్కటే. వెనక ఫొటో అడిగితే ఈలోగా ఇంకొకరు ఎగరేసుకుపోతారని భయం ఆయనకి. నాణేలవాళ్ళం అందరం అంతే.”

ఆవిడ పట్టకారుతో రూపాయిని మెల్లగా తిప్పింది. తిప్పి, చాలాసేపు చూసింది. వెనకవైపు పూలదండలో రేకులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. 1911 అంకెలు మిగిలాయి గానీ వాటి అంచులు మెత్తబడ్డాయి.

“ముందు పెళ్ళికూతురు, వెనక ముసలమ్మ. ఇదేం చోద్యం?”

“నేనూ అదే అనుకున్నా. కానీ రెండు వైపులకీ రెండు గ్రేడులుంటే తక్కువదే రాస్తాం. అది మా పద్ధతి.”

“తల వైపు మొదటి గ్రేడే అని చీటీలో రాశారా?”

“చీటీలో ఒక్క గడే ఉంటుందమ్మా. వెరీ ఫైన్ అని రాశా.” చంద్రమౌళి గొంతు కాస్త తగ్గింది. “ఎవరూ అడగలా.”

“మీరు చూశారా?” అంది ఫ్లోరెన్స్, డేవిడ్‌రాజు వైపు తిరక్కుండానే.

“చీటీ చూశా. చాలదా?” అన్నాడతను.

“జేబులో, సంచీలో తిరిగిన నాణెం రెండు వైపులా అరుగుతుంది కదండీ, చంద్రమౌళి గారూ. ఒక్కవైపే అరగాలంటే?”

“గొలుసులో బిళ్ళగా వేసుకుంటే ఒంటికి తగిలే వైపు అరుగుతుంది. కానీ కొక్కెం అతికిన మచ్చ అంచు మీద ఉండాలి. దీనికి లేదు. ఇంకోటి చూడండి. గీతలు.” అతను గోటితో చూపించాడు. “జేబులో అరిగితే గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఇవన్నీ ఒకే దిక్కుకి. ఎవరో దీన్ని ఒకే పద్ధతిలో, ఏళ్ళ తరబడి, దేని మీదో తోశారు. నలభై ఏళ్ళ వ్యాపారంలో నేనిలాంటిది చూళ్ళా.”

ఫ్లోరెన్స్ ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుంది.

“రాసుకోండి, రాసుకోండి,” అన్నాడు డేవిడ్‌రాజు. “నేను చెప్పేవి కూడా రాసుకోండి. ఒకటి, నిన్న జగ్గయ్యపేటలో బస్సు ఎక్కింది పదీ ఇరవైకి. నందిగామ బస్టాండుకి వచ్చింది పదకొండూ ఐదుకి. ఈ కొట్టుకి వచ్చింది పదకొండూ నలభైకి. బస్టాండు నుంచి ఇక్కడికి నడిచినా ఐదు నిమిషాలు. మిగతా అరగంట ఏం చేశాడు? రెండు, ఇది.”

అతను ప్లాస్టిక్ కవర్లోంచి రూపాయి చుట్టిన కాగితం తీశాడు. “ఈ అంచు అన్నం మెతుకులతో అంటించారు. ఇదిగో, ఎండిన మెతుకు. లూర్దమ్మ గారు అలా అంటించే ఇచ్చానన్నారు. ఈ రెండో అంచు గమ్ముతో అంటించి ఉంది. అక్కడున్న పాత మెతుకుల మీదే గమ్ము పూసేశాడు. దారిలో విప్పాడు మేడం. మీ వేలిముద్రల బుర్రకి ఇంతకంటే ఏం కావాలి?”

ఫ్లోరెన్స్ కాగితం అందుకుని వెలుతురుకి పెట్టి చూసింది. అతను చెప్పింది నిజమే. నిజాన్ని కాదనడం ఆవిడకి చేతకాదు.

“విప్పాడు,” అంది.

“అదీ. ఆరింటికి భవానీప్రసాద్ గారు పోలీస్‌స్టేషన్లో ఫిర్యాదు కాగితం ఇస్తారు. ఆయన తరఫున, సాక్ష్యం కింద ఈ రూపాయి నేను తీసుకెళ్తున్నా.” చంద్రమౌళి దగ్గర రసీదు మీద సంతకం పెట్టి, రూపాయిని కవర్లో వేసుకుని అతను లేచాడు. “మీకు కార్లో చోటుంది. వస్తారా?”

“బస్సులో వస్తా. ఆలోచించుకోవడానికి వీలుగా ఉంటుంది.”

“మీరు ఆలోచించేలోగా నేను అక్కాతమ్ముళ్ళ చేత సంతకాలు పెట్టిస్తా.”

రెండూ యాభై బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురొచ్చే లారీల గాలి మొహాన కొడుతుండగా ఫ్లోరెన్స్ నెహెమ్యాకి ఫోను చేసింది. మూడోసారికి ఎత్తాడు.

“నెహెమ్యా గారూ, మీ అక్క పెట్టిన డిటెక్టివ్‌ని. నిన్న పదకొండూ ఐదు నుంచి పదకొండూ నలభై దాకా ఎక్కడున్నారు?”

“బస్టాండులోనండి. బెంచీ మీద.”

“ఎవరితో?”

“ఒక్కణ్ణే.”

“పొట్లం విప్పారా?”

ఫోన్లో తాళాల గుత్తి చప్పుడు వినపడింది. తర్వాత, “విప్పానండి.”

“ఎందుకు?”

“అది అడక్కండమ్మా.” గొంతు కోపంగా లేదు, బతిమాలుతున్నట్టుంది. “అక్క జాగ్రత్త. రాత్రి బీపీ మాత్ర మర్చిపోతా ఉంటుంది.” ఫోను పెట్టేశాడు.

దొంగలు రకరకాలుగా మాట్లాడతారు. అరుస్తారు, ఏడుస్తారు, లాయరు పేరు చెబుతారు. వెళ్ళిపోతూ ఎదుటివాళ్ళ మందుల గురించి చెప్పే దొంగని ఫ్లోరెన్స్ ముప్పై ఏళ్ళలో చూడలేదు.

మూడూ నలభైకి ఆవిడ లూర్దమ్మ ఇంటి గుమ్మంలో ఉంది. రెండు గదుల డాబా. ముందుగదిలో చిలక్కొయ్యకి రెండు గొడుగులు, ఒక సంచీ వేలాడే చోట ఖాళీ మేకు.

“తన దగ్గరుండే చర్చి తాళాలు అప్పగించి అటునుంచటే బస్టాండుకి పోతానన్నాడమ్మా,” అంది లూర్దమ్మ. పొట్టి మనిషి. నిలబడే మాట్లాడుతోంది, కూర్చుంటే టైము జరిగిపోతుందన్నట్టు. “పొద్దున సద్దన్నం కూడా తినలా. నన్ను చూసి ఒక్క మాట అన్లా. అంటే బాగుండేది.”

“లూర్దమ్మ గారూ, ఒకటడుగుతా. రూపాయి మీ ఇంట్లో ఇన్నేళ్ళుంది. మీ నాన్నగారు కష్టాల్లో కూడా దాన్నెందుకు ఖర్చు పెట్టలేదు?”

లూర్దమ్మ వింతగా చూసింది. “అది రూపాయి కాదమ్మా. తూకం రాయి.”

ఫ్లోరెన్స్ పెన్ను ఆగిపోయింది.

“నాన్న కాంపౌండరు. బజార్లో మందుల కొట్టుండేది. పొడులు తూచడానికి తులం రాయి కావాలిగా? రూపాయి ఎత్తు అంటే తులం. అరగని రూపాయి ఒకటి ఏరి తెచ్చుకుని, అదే వాడేవాడు. ఆ పెట్టెలోదే.”

పెట్టె బీరువా మీద ఉంది. ఫ్లోరెన్స్ స్టూలు ఎక్కబోతే లూర్దమ్మ పట్టుకుని ఆపింది. “నువ్వు పడితే ఇంకో కేసు,” అని పక్కింటి ఆరోగ్యమ్మని కేకేసి దింపించింది. టేకుపెట్టె. లోపల సన్నటి స్తంభం మీద నిలబెట్టే చిన్న త్రాసు, రెండు ఇత్తడి పళ్ళేలు. మూలన గుండ్రటి గుంటల్లో తూకం రాళ్ళు. అన్నిటికంటే పెద్ద గుంట ఖాళీగా ఉంది.

“ఫొటో ఎలా తీశారు?”

“పెట్టె మూత తీసి తీశా.”

“బయటికి తియ్యకుండా? గుంటలో ఉండగానే?”

“తియ్యడమెందుకు, రాజు కనిపిస్తానే ఉన్నాడుగా.”

“వెనకవైపు ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా?”

లూర్దమ్మ ఆలోచించింది. “చూళ్ళా. నాన్న ఒప్పుకునేవాడు కాదు. రాజుని బోర్లా పెడితే తూకం తప్పుతుందనేవాడు. అబద్ధమేలే, ఆయన చాదస్తం. నేను కొట్లో పక్కనే కూర్చుని పొట్లాలు కట్టేదాన్ని. ఎప్పుడూ తల పైకే. ఇదిగో, ఇలా అంచు మీద పెట్టి, బొటనవేలితో పళ్ళెం మధ్యకి తోసేవాడు.”

చెయ్యి గాల్లో ఒక చిన్న కదలిక చేసింది. ఒకే దిక్కుకి.

ఫ్లోరెన్స్ ఒక పళ్ళేన్ని ఎత్తి వెలుతురులో చూసింది. ఇత్తడి మీద అంచు నుంచి మధ్య దాకా వేలెడు పొడవున ఒక మెరిసే దారి పడి ఉంది. వెడల్పు సరిగ్గా గుంట వెడల్పే. రెండో పళ్ళెంలో ఆ దారి లేదు. ఆవిడకి గుండె తేలికైంది. వెంటనే భయం కూడా వేసింది. నమ్మకం వేరు, డేవిడ్‌రాజు ఒప్పుకోవడం వేరు. అలాంటి రూపాయి ఇంకోటి ఎక్కడైనా ఉండొచ్చు అంటాడు. టైము నాలుగూ ఐదు.

“మీ తమ్ముడికి ఎన్నేళ్ళప్పుడు నాన్నగారు పోయారు?”

“తమ్ముడికా? ఏడు. నాకు పదిహేను. వాణ్ణి మైలవరం హాస్టల్లో వేశారు, నన్ను ముక్త్యాలలో మా పిన్నమ్మ తీసుకెళ్ళింది. వాడు కొట్లోకి వచ్చే వయసు కాదమ్మా. ఈ త్రాసు వాడు సరిగ్గా చూసి కూడా ఉండడు.”

పెట్టె అడుగున వేలు పట్టేంత సొరుగు ఉంది. లాగితే ఇరుక్కుంది. ఫ్లోరెన్స్ హెయిర్‌పిన్ను పెట్టి మెల్లగా లాగింది. లోపల మందుపొట్లంలా మడిచిన కాగితం. పసుపుపచ్చగా మారిన ఆ కాగితం మీద సిరాతో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: రూపాయికి తోడు. 1-1-67.

విప్పితే, బియ్యపు గింజలో సగం లేని రాగితీగ ముక్క.

లూర్దమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. “ఇంకా ఉందా ఇది! ఏటా కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక కొట్టు తెరిచి, నాన్న మొదట చేసే పని ఇదే. ఈ రెండు అరతులాల ఇత్తడి రాళ్ళు సర్కారు ముద్ర వేసినవి, అరక్కూడదని ఏడాదికి ఒక్కసారే తీసేవాడు. ఒక పక్క అవి, ఒక పక్క రూపాయి. వాడి వాడి రూపాయి అరుగుతుందిగా? ఎంత తగ్గిందో అంత తీగముక్క కత్తిరించి, రూపాయి పక్కన వేసి తూచేవాడు. ఎవరికీ రవ్వంత మందు తక్కువ పోకూడదని. ఆ మే నెలలో పోయాడు.”

“ఆ తర్వాత రూపాయి వాడారా?”

“ఎవరు వాడతారు? కొట్టు మూసేశాం.”

ఫ్లోరెన్స్ ఆ కాగితాన్ని ఊపిరి తగలకుండా మడిచి, మళ్ళీ విప్పి, తీగముక్క ఉందని చూసి, మళ్ళీ మడిచింది.

నాలుగూ ఇరవై ఐదుకి ఎర్రకారు వచ్చి ఆగింది.

“లూర్దమ్మ గారు కూడా ఫిర్యాదు మీద సంతకం పెడితే పని అయిపోతుంది,” అంటూ లోపలికొచ్చాడు డేవిడ్‌రాజు. బల్ల మీద నిలబెట్టి ఉన్న త్రాసు చూసి ఆగాడు. “ఏంటిది, పచారీ కొట్టు పెడుతున్నారా?”

“రూపాయి తెచ్చారా?”

“సాక్ష్యం మీ చేతికివ్వను.”

“వద్దు. మీ చేత్తోనే వెయ్యండి, ఆ ఎడమ పళ్ళెంలో. ఒక్క నిమిషం పని. తేడా వస్తే లూర్దమ్మ గారి పక్కన సాక్షి సంతకం నేను పెడతా.”

డేవిడ్‌రాజు పందెం కనబడితే ఆగలేడు. కవరు విప్పి రూపాయిని పళ్ళెంలో పడేశాడు.

“తిప్పు నాయనా,” అంది లూర్దమ్మ చటుక్కున. “రాజు బోర్లా పడ్డాడు.”

“ఏ వైపు వేసినా బరువు ఒకటేనండీ.”

“మా నాన్నతో చెప్పు ఆ మాట. తిప్పు.”

తిప్పాడు. ఫ్లోరెన్స్ రెండో పళ్ళెంలో అరతులాల రాళ్ళు రెండూ పెట్టింది. త్రాసు కాసేపు ఊగి, ఇత్తడి రాళ్ళ వైపు దిగింది. ముల్లు మధ్యగీత దాటి పక్కకి ఆగిపోయింది.

“అదీ!” డేవిడ్‌రాజు చప్పట్లు చరిచాడు. “తులం లేదు. మీ పెట్టెలోది తులం రాయి అన్నారుగా. అసలు రూపాయి ఇది కాదు. నా పని మీరే చేసి పెట్టారు, థాంక్సండీ.”

“ఇంకా అవలేదు,” అంది ఫ్లోరెన్స్. కాగితం అతని చేతిలో పెట్టింది. “చదవండి. తారీఖు కూడా.”

అతను చదివాడు. లూర్దమ్మ తీగముక్క సంగతి మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. చెప్పడం అయ్యేలోగా అతని మొహంలో నవ్వు సగమైంది.

ఫ్లోరెన్స్ పట్టకారుతో తీగముక్కని ఎత్తి, రూపాయి పక్కన పళ్ళెంలో వదిలింది. దాని చప్పుడు కూడా వినబడలేదు. ఎడమ పళ్ళెం కదిలింది. ముల్లు ఇటూ అటూ రెండుసార్లు తచ్చాడి, మధ్యగీత మీదికి వచ్చి నిలబడిపోయింది.

ముగ్గురూ వంగి చూశారు. ముల్లు కదల్లేదు.

“యాభై ఏళ్ళకి పైగా మూసి ఉన్న సొరుగులో తీగ అది. అరిగిన రూపాయలు ఊళ్ళో సవాలక్ష ఉంటాయి డేవిడ్‌రాజు గారూ. భవానీప్రసాద్ గారి దగ్గరున్నవన్నీ తెచ్చి వేసి చూసుకోండి. ఈ ముక్కకి సరిపోయేది ఇంకోటి దొరికితే నా ఫీజు మీకిస్తా. ఆ పళ్ళెం మీద గీత చూడండి. రూపాయి వెనక గీతలు చూడండి. రూపాయి మారలేదు. ఆయన ముందు మాత్రం చూసి నలభై వేలన్నారు. చంద్రమౌళి గారు వెనక చూసి మూడు వేలన్నారు. ఇద్దరూ చెప్పింది ఒక్క రూపాయి గురించే.”

డేవిడ్‌రాజు వంగి భూతద్దంలో చూశాడు. పళ్ళేన్ని చూశాడు, రూపాయిని చూశాడు, మళ్ళీ పళ్ళేన్ని చూశాడు. మొండివాడే గానీ గుడ్డివాడు కాదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అయితే ఒక చిక్కుంది మేడం,” అన్నాడు మెల్లగా. గొంతులో వెక్కిరింత లేదు. జేబులోంచి మడత కాగితం తీశాడు. “మూడున్నరకి చర్చి గేటు దగ్గర ఆయన నాకు ఇది రాసిచ్చాడు. నేను కొట్టలేదు, తిట్టలేదు. అడగ్గానే రాశాడు.”

ఫ్లోరెన్స్ పైకి చదివింది.

‘నేను, నెహెమ్యా, నందిగామ బస్టాండులో పేరు తెలియని మనిషికి మంచి రూపాయి ఇచ్చి అరిగిన రూపాయి తీసుకున్నాను. మా అక్కకు ఏమీ తెలియదు. పొట్లం నేనే విప్పి నేనే గమ్ముతో అంటించాను. మా అక్కకు ఏమీ తెలియదు. పోలీసులు అడిగినా ఇదే చెబుతాను. మా అక్కకు ఏమీ తెలియదు.’

టైము నాలుగూ యాభై.

“జరగని దొంగతనం చేశానని ఒక మనిషి రాసిచ్చాడు,” అంది ఫ్లోరెన్స్. “ఎందుకంటారు?”

“భయపడి.”

“భయపడ్డవాడు తన గురించి రాసుకుంటాడు. ఈయన మూడుసార్లు ఎవరి గురించి రాశాడు?”

డేవిడ్‌రాజు లూర్దమ్మ వైపు చూశాడు.

లూర్దమ్మ ఇందాకట్నుంచీ మొదటిసారి కూర్చుంది. “నేనే మార్చాననుకున్నాడా వాడు? నేను అసలుది దాచుకుని, ఇది వాడి చేతికిచ్చి పంపాననుకున్నాడా?” కాసేపు తన చేతులకేసి చూసుకుంది. “నేను మాత్రం? మూడొంతులు వాడు కాదనుకున్నా. ఒక వంతు అనుకున్నానమ్మా. ఆ ఒక వంతు తీసెయ్యమనే నిన్ను పిలిచా. వాడు నేనే చేశానని నాలుగొంతులూ అనుకుని, నెత్తినేసుకుని పోతున్నాడు.”

అంటూనే లేచింది. చెప్పులు ఒకటి తనది, ఒకటి ఆరోగ్యమ్మది వేసుకుంది. ఎవరూ చెప్పలేదు.

“బండి తియ్యండి,” అంది ఫ్లోరెన్స్.

“నేనా?” అన్నాడు డేవిడ్‌రాజు.

“ఎర్రకారు నాకుందా?”

కారులో అతను ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో భవానీప్రసాద్‌కి ఫోను చేశాడు. “ఫిర్యాదు లేదండి... అదే రూపాయండి... నా కళ్ళతో చూశా. సంతకమా? అది... అది నేనే తొందరపడి తీసుకున్నా.” వెనక సీట్లోంచి ఫ్లోరెన్స్, “రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టండి బాబూ, ముందు గేదెలున్నాయి,” అంది. నోటుబుక్కు తీయాలనిపించలేదు.

ఐదూ పన్నెండు. మైలవరం బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. లూర్దమ్మ వెనక మెట్టు ఎక్కి, జనాన్ని తోసుకుంటూ, మూడో వరసలో తల వంచుకుని కూర్చున్న మనిషి ముందు నిలబడింది. ఒళ్ళో సంచీ ఉంది.

“దిగు.”

నెహెమ్యా తలెత్తాడు. మొహం పాలిపోయింది. “అక్కా, పోలీసులు నిన్నేమన్నా...”

“నేను మార్చలేదురా. నువ్వూ మార్చలేదు. ఎవరూ మార్చలా. నాన్న అరగదీశాడు.”

అతనికి అర్థం కాలేదు. లూర్దమ్మ సీటు కమ్మీ పట్టుకుని, ఆయాసపడుతూ, త్రాసు నుంచి తీగముక్క దాకా చెప్పింది. చుట్టుపక్కల సీట్లవాళ్ళందరూ విన్నారు. ఒకావిడ మధ్యలో, “రాజుని బోర్లా పెట్టేవాడు కాదా!” అని పక్కావిడకి చెప్పింది.

“పొట్లం ఎందుకు విప్పావురా?”

“చూసుకుందామని.” నెహెమ్యా సంచీ పట్టీ మెలితిప్పాడు. “నాన్న చేత్తో పట్టుకున్న వస్తువు నేను ఒక్కటీ పట్టుకోలేదు అక్కా. అమ్మేస్తే మళ్ళీ దొరకదుగా. ఒక్కసారి పట్టుకుందామని విప్పా. తిప్పి చూస్తే వెనక అరిగిపోయుంది. చెయ్యి మారని నాణెం అన్నాడుగా ఆ భవానీప్రసాద్ గారు? నీకేదో అవసరం వచ్చి ఉంటుందనుకున్నా. నాతో చెప్పలేకపోయావనుకున్నా. అరగంట ఆ బెంచీ మీదే కూర్చున్నా.”

“నన్ను అడిగితే పోయేదిగా?”

“అడిగితే నువ్వు అబద్ధం చెప్పాల్సొచ్చేదిగా.”

లూర్దమ్మ అతని భుజం మీద ఒక్కటేసింది. గట్టిగానే. ఆ తర్వాత చెయ్యి తియ్యలేదు.

“నేనూ నిన్ను అనుకున్నారా,” అంది. “ఒక వంతు.”

“ఒక వంతేనా?” అన్నాడు నెహెమ్యా. “నేను మొత్తం అనుకున్నా.”

“ఆ రూపాయి అమ్మటల్లేదు. ముందు ఇంటికొచ్చి అన్నం తిను.”

కండక్టరు విజిలు నోట్లో పెట్టుకుని వచ్చాడు. “పెద్దాయనా, అమ్మా, దిగేదా కూర్చునేదా? ఐదుంపావు దాటింది.”

“దిగుతున్నాం,” అన్నాడు నెహెమ్యా.

కింద డేవిడ్‌రాజు ఒప్పుకోలు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కలు ఎక్కడ పడెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఫ్లోరెన్స్ వాటిని తీసుకుని తన సంచీలో వేసుకుంది. మెట్ల మీదుగా ముందు సంచీ, తర్వాత నెహెమ్యా, అతని చెయ్యి పట్టుకుని రెండు రకాల చెప్పుల్లో లూర్దమ్మ దిగారు.

బస్సు ఐదూ పద్దెనిమిదికి కదిలింది. దాని కిటికీలోంచి ఎవరూ చెయ్యి ఊపలేదు.